కడుపు కాదమ్మా, గడ్డ

మన్యపుజనులు మూఢులు, ఆసుపత్రికి రమ్మన్నను రారు, దిసారిచేత మంత్రము వేయించుకొని, పసరులు త్రాగి, గడ్డ బలిసి ప్రాణము మీదికి వచ్చిన పిమ్మట కొండ దిగివత్తురు, అప్పటికి వైద్యుడు మాత్ర మేమి చేయగలడు? ఈ మాట చదువుకొన్నవారి నోట మేము పలుమారులు వినియున్నాము. వైద్యుల నోట వింటిమి. అధికారుల నోట వింటిమి. ఇంట గూర్చుండి కాఫీ త్రాగుచు లోకోపకారమును గూర్చి ముచ్చటించు పెద్దమనుష్యుల నోటను వింటిమి. ఇందు సత్యము కొంచెము, సోమరితనము విస్తారము గలవని మా యభిప్రాయము. చదువరులు మా మాట విని, పిదప తీర్పు చెప్పుదురుగాక.

కొన్ని యేండ్ల క్రిందట మే మరకు సంతకు బోయితిమి. పసుపు, అడ్డాకులు, చీపుళ్లు కుప్పలు వోసికొని కొండస్త్రీలు వరుసగా గూర్చుండిరి. వారిలో నొకతె నలువది యేండ్లకు లోపుది. కడుపు నిండు చూలాలికి వలె నుండెను. మాతో వచ్చిన యొక గృహిణి, జాలిగుండె గలది, చీపురు బేరమాడుచు "ఎన్నో నెలమ్మా?" యని యడిగెను. ఆ స్త్రీ నవ్వి, వచ్చీరాని తెలుగున "కడుపు కాదమ్మా, గడ్డ" యనెను. మగడేమి చేయునని యడుగగా, పోయి నాలుగేండ్లయ్యె ననెను. మా గృహిణి ముఖము చప్పున మారెను. మారుటకు గారణము మేము గ్రహింపకపోలేదు: మగడు లేని స్త్రీ, పైగా ఎత్తైన కడుపు! కొండస్త్రీ మాత్ర మిది గమనించినట్లు తోచలేదు. ఆమె జాతిలో మగడు పోయిన స్త్రీ మరియొకని మనువాడుట తప్పు గాదు. దానికి సభలు, ఉపన్యాసములు అక్కరలేదు. వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించుటకు పడిన పాట్లు ఈ కొండలలో నెవ్వరును పడవలసిన పని లేకపోయెను. మూఢత్వమును లెక్కించునప్పుడు ఈ పద్దును గూడ వ్రాసికొనుట న్యాయము.

ప్రక్కన టీ కాచుచున్న కుర్రవాడు ఆదివాసి ఒడియా తెలిసినవాడగుటచే మాకు దుబాసి యాయెను. దిసారి యొద్దకు బోయితివా యని యడిగితిమి. పోయెనట, ఒక్కమారు. ఆతడు కోడిని గోసి, తనకు దోచినది చెప్పి, ఆనాడే పంపివేసెను. ఆసుపత్రికి బోయితివా యని యడిగితిమి. నాలుగు మారులు పోయెనట! మొదటిమారు కొండ దిగి పోగా, స్కానింగు తీయువారు ఆనాడు రాలేదనిరి. రెండవమారు తీసిరి, తీసి, ఇది మా చేత గాదు, పట్టణమునకు బొమ్మనిరి. మూడవమారు తమ్ముని తోడు తీసికొని పట్టణమునకు బోయెను. ఆతని కూలి పోయెను. నెత్తురు తక్కువగా నున్నది, మందులు వాడి నెలదినములకు రమ్మనిరి. నాలుగవమారు పోగా, వెనుకటి కాగితములేవీ యనిరి. కాగితములు వానలో దడిసి చెడినవి. మరల మొదటినుండి రమ్మనిరి. అయిదవమారామె పోలేదు.

ఇక మూఢు లెవ్వరని మేమడుగుచున్నాము. దిసారి చెప్పినది తప్పే. కోడి రక్తమునకు గడ్డ కరగదు. కాని యాతడు రేపు రమ్మనలేదు. ఆమె భాషలోనే మాటాడెను, ఆమె యింటికి నడచి వచ్చెను, కాగితము లడుగలేదు. ఆసుపత్రి యనునది దిసారితో పోటీకి దిగునప్పుడు విద్యచేత గెలువవచ్చును గాని, మర్యాదచేత నోడిపోవుచున్నది. ఓడినవారు గెలిచినవానిని మూఢుడనుట లోకరీతి.

ఇంతకు నీ గడ్డలనగా నెట్టివి? పొత్తికడుపున బుట్టు గడ్డలలో పెక్కు ప్రాణముదీయునవి కావు. గర్భాశయపు కండరమునుండి గట్టి గడ్డలు పుట్టుట స్త్రీలలో మిక్కిలి సాధారణము. కొందరి కవి యే బాధయు గలిగింపక ముట్లుడిగిన పిమ్మట తామే క్షీణించును. కొందరికి నెలనెలకు నెత్తురు వరదగా బోయి, మనిషిని పాలిపోయిన బొమ్మను జేయును. అండాశయమున నీటితిత్తులు పుట్టును. చిన్నవి కొన్ని నెలలలో తమంతట పోవును, పెద్దవి కుండలంతగా బెరుగును. ఒక్కొక్కప్పుడు తిత్తి తన కాడమీద మెలిపడి రక్తప్రసారము నిలిచి, గంటలలో ప్రాణాపాయము తెచ్చును. ఇవిగాక రాచపుండు జాతివి గలవు. అండాశయమునకు వచ్చు రాచపుండు చప్పుడు చేయక పెరిగి, కడుపున నీరు చేరిన పిమ్మటగాని తెలియదు. దానిని వీలయినంతవరకు కోసి తీసివేసి, రక్తములోనికి మందులెక్కించి చికిత్స చేయుదురు. గర్భాశయద్వారమున వచ్చునది తొలిదశయందైనచో శస్త్రముచే నయమగును. ముదిరినచో కత్తి పనికిరాదు, కిరణచికిత్స కావలెను. ఏది మంచిదో యేది చెడ్డదో పైకి జూచి చెప్పుట దుస్తరము. చేతితో తడవి చూచుట, స్కానింగు, రక్తపరీక్ష, తుదకు కోసిన ముక్కను సూక్ష్మదర్శినిక్రింద బరీక్షించుట, ఇన్నియు నడచినగాని గడ్డకు బేరు పెట్టరాదు.

మన్యమునందు మరియొక చిక్కు గలదు. మలేరియాజ్వరముల మూలమున ప్లీహము పెరిగి కడుపులో బల్ల యగుట అచ్చట చిరకాలముగా నెరిగినదే. కావున కడుపు పెరిగెనన్న బల్లయే యని యూరకుండుట సులభము. అండాశయపు గడ్డలలో నొకజాతి యున్నది. దానిని గోసి చూచినచో లోపల వెండ్రుకలు, క్రొవ్వు, అప్పుడప్పుడు పండ్లును గూడ నుండును. బీజకణములు దారితప్పి పెరుగుటచే నిట్లగునని వైద్యశాస్త్రము చెప్పును. ఈ గడ్డలు చాలవరకు నపాయము లేనివి. కాని యిట్టి గడ్డ సంగతి యొక పల్లెలో బొక్కినదనుకొందము. వెండ్రుకలు, పండ్లు కడుపులో నెవరు పెట్టిరను ప్రశ్న పుట్టును. చిల్లంగి పెట్టెనన్న నెపమున మనుష్యులను జంపుట మన్యమున ఇంకను వినవచ్చుచున్నది. వైద్యుడు నాలుగు మాటలలో తెలియజెప్పవలసిన సంగతిని చెప్పకపోయినచో, ఆ ఖాళీని మరియొక కథ నింపును. ఈ మాట చెప్పు వైద్యునికి కువి గాని ఆదివాసి ఒడియా గాని రాకపోయినచో, వచ్చినవారి నొకరిని ప్రక్క నిలుపుకొనుట తగదా?

అడవిసీమ స్త్రీ కడుపుగడ్డ, దూరముననున్న వైద్యుడు – ఈ కథ క్రొత్తది గాదు. ఈ శస్త్రచికిత్సయొక్క చరిత్రయే అట్లు మొదలైనది. 1809వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికాలోని కెంటకీ సీమయందు జేన్ టాడ్ క్రాఫర్డు అను నామెను గర్భిణియని, నెలలు నిండినను ప్రసవము గాలేదని తలచి, ఇఫ్రాయిం మెక్డోవెల్ అను వైద్యుని బిలిపించిరి. ఆతడు పరీక్షించి, కడుపు కాదు, గడ్డ యనెను. అంతవరకు అట్టి గడ్డను గోసి రోగిని బ్రతికించినట్లు తానెరుగనని దాచక చెప్పెను. డాన్విల్లులోని తన యింటికి వచ్చినచో ప్రయత్నింతు ననెను. ఆమె గుఱ్ఱమెక్కి, గడ్డను జీనుమీద మోపి, చలికాలమున సుమారు 60 మైళ్లు ప్రయాణము చేసెను. మత్తుమందు నాటికి లేదు; అది 1846లో బోస్టనునందు గాని లోకమునకు దెలియలేదు. సూక్ష్మజీవులను జంపి శస్త్రము చేయు పద్ధతిని లిస్టరు 1867లో గాని ప్రకటింపలేదు. ఆమె స్తోత్రములు చదువుచుండగా 25 నిమిషములలో వైద్యుడు పని ముగించెను. గడ్డ తూకము 22 పౌనులకు పైబడెను. అయిదవనాడాతడు వచ్చి చూచునప్పటికి ఆమె తన ప్రక్క తానే సర్దుకొనుచుండెనట. 78 ఏండ్లవరకు బ్రతికెను. ఈ వైద్యుడు తరువాత ఇట్టి శస్త్రము చేసినవారిలో బానిసస్త్రీలు గలరు; వారి సమ్మతి నెవరడిగిరో చరిత్ర చెప్పదు. ఘనకార్యములను బొగడునప్పుడు ఈ సంగతిని మరుగుపరచుట మాకు సమ్మతము గాదు.

అరకునుండి విశాఖకు సుమారు 70 మైళ్లు. రెండువందల యేండ్లకు మించిన తరువాత, మత్తుమందు, రక్తనిధి, స్కానింగు అన్నియు గలిగిన కాలమున, మన కొండస్త్రీ పయనము జేన్ క్రాఫర్డు పయనముకన్న సుఖమైనదా? ఆమెకు గుఱ్ఱమైన నుండెను. ఇచ్చటి దూరపు పల్లెలలో నేటికిని దుప్పటిని వెదురుబొంగునకు గట్టి డోలీయని మోయుచున్నారు. 108 బండ్లు 2005లో వచ్చినవి, బండి పోలేని త్రోవలకు మోటారుసైకిలు బండ్లును పిమ్మట వచ్చినవి, వచ్చినందుకు సంతోషమే. కాని ఈ కొండలలో త్రోవ లెవరికొరకు వేయబడినవో కొంచెము తలపోయుదము. 1922కు ముందు గూడెము సీమలో బాస్టియను అను డిప్యూటీ తహశీల్దారు కొండవారిచేత తగిన కూలి యీయక బాట వేయించుట మన్యపు తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. 1960వ దశకమున బైలడిల్లా ఇనుపరాయిని విశాఖరేవునకు జేర్చుటకై కొత్తవలస–కిరండూలు రైలుమార్గమును వేసిరి. ఈ కొండలను దొలిచి పదులకొలది సొరంగములు చేసిరి. రాయి దిగుటకు కొండ దారి యిచ్చెను. మనిషి దిగుటకు బాట వేయవలసివచ్చినప్పుడు మాత్రము కొండ కష్టమని చెప్పుదురు.

వారు రారు, వచ్చినను నమ్మరు అను వాదమునకు మరల వత్తము. ఈ వాదము మనము పూర్వము విననిది గాదు. మన ముత్తవ్వల కాలమున గోషాస్త్రీలు, శిష్టకుటుంబపు స్త్రీలు ఆసుపత్రికి రారు, చావనైన చత్తురు గాని పరపురుషునికి నాడి చూపరు అని యిట్లే చెప్పెడివారు. మేరీ షార్లీబు అను నామె ఆ చావులను గూర్చి విని, 1875లో చెన్నపట్టణపు వైద్యకళాశాలయందు జేరి చదివి, సీమకు బోయి పట్టము పొంది, తిరిగి వచ్చి 1885లో గోషాస్త్రీల కొరకు ఆసుపత్రి పెట్టెను. నేడది కస్తూర్బాగాంధీ పేర ట్రిప్లికేనున నడచుచున్నది. స్త్రీలు వచ్చిరి! రానివారు స్త్రీలు గారు, రాదగిన ఆసుపత్రి లేకుండెను. ఈమె తరువాత లండనులో కడుపు శస్త్రచికిత్సలయందు గొప్ప పేరు పొందినది. పిదప ముత్తులక్ష్మీరెడ్డిగారు, రాచపుండుతో చెల్లెలు పోగా, ఆ దుఃఖమును మరువక శ్రమించి 1954లో అడయారున క్యాన్సరు ఆసుపత్రిని తెరిపించిరి. మన యింటి స్త్రీకి గావించిన మర్యాదను కొండ యింటి స్త్రీకి గావింపుమన్నచో, ఆమె స్వభావమే అంత యని తప్పించుకొనుట యేమి ధర్మము?

నమ్మకము మాట యెత్తితిరిగనుక మరియొక సంగతి. 2009లో నాటి ఖమ్మము జిల్లా మన్యమునందు, భద్రాచలము చుట్టుప్రక్కల, పాత్ అను అమెరికా సంస్థ ప్రభుత్వసహాయముతో వేలకొలది బాలికలకు గర్భాశయద్వారపు రాచపుండును నివారించు టీకాలు వేయించెను. పెక్కురు ఆశ్రమపాఠశాలల పిల్లలు. తల్లిదండ్రుల సమ్మతిపత్రములపై పలుచోట్ల వసతిగృహపు వార్డెనులు చేవ్రాలు చేసిరి. 2010లో కార్యమును నిలిపివేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని గట్టిగా నిందించెను. టీకా మంచిదే, దానిని మేము దూషింపము; లోకమున లక్షలకొలది స్త్రీలకది రక్షణ యగుచున్నది. మంచి మందును చెడ్డరీతిని ఇచ్చుటచే ఎంత కీడు గలుగునో చూడుడు. అడుగకుండ బిడ్డకు సూది గ్రుచ్చినవారు, రేపు తల్లికి గడ్డ యున్నది కత్తి కొప్పుకొమ్మన్నచో, ఆమె సందేహించుట మూఢత్వమా, వివేకమా?

కొండమీద కోయవలసిన గడ్డలు కడుపులలో మిగిలిపోవుచుండగా, పల్లమున కోయరాని గర్భాశయములను గోయుచున్నారు. 2015–16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 గురు, ఆంధ్రప్రదేశమున 8.9 గురు. దేశమందన్నిటికన్న మనదే హెచ్చు! తెల్లబట్టకు, నడుమునొప్పికి, కొన్ని దినముల యెక్కువ స్రావమునకు, ఇది రాచపుండగునని బెదరించి కోయుట మన పల్లెలలో నెవరెరుగరు? 2023 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము ఈ అనవసరపు శస్త్రములను గనిపెట్టుటకై ఏర్పరచిన నియమములను రాష్ట్రములన్నియు అమలుజరుపవలెనని యాజ్ఞాపించెను. డబ్బు చెల్లు చోట గర్భాశయము గడ్డయగును. చెల్లని చోట గడ్డ గర్భమగును. సంతలో మా గృహిణి పొరపాటు చిన్నది, ఇది పెద్దది.

ఖర్చు సర్కారు భరించుచున్నది గదా యందురు. 2007లో ఆరోగ్యశ్రీయని మొదలై, ప్రభుత్వము మారినపుడెల్ల పేరు మార్చుకొనుచు వచ్చిన పథకము శస్త్రచికిత్సకు సొమ్మిచ్చును. ఆ మేలును మేము కాదనము. కాని యా తలుపు తట్టుటకు ముందు గడ్డకొక పేరు కావలెను. పేరు పెట్టువారు కొండమీద నుండవలెను. 2022 మార్చి నాటి కేంద్రప్రభుత్వపు లెక్కలో, దేశపు గ్రామసీమలలోని సామాజిక ఆరోగ్యకేంద్రములకు వలసిన శస్త్రవైద్యులలో నూటికి 83 మంది లేరు. స్త్రీవైద్యనిపుణులలో నూటికి 74 మంది లేరు. అరకు, పాడేరు సీమ 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాయైనది. పాడేరున వైద్యకళాశాలయు వెలసినది. భవనము లేచెను, చాల సంతోషము. భవనములకు శంకుస్థాపన చేయువారు దొరకుదురు. అర్ధరాత్రి మత్తునిచ్చువాడు దొరకుట కష్టము. శస్త్రవైద్యుడున్నను మత్తువైద్యుడు లేనినాడు కత్తి పెట్టెలోనే యుండును.

నెత్తురు మాట గూడ చెప్పి ముగింతుము. ఆ స్త్రీకి నెత్తురు తక్కువ, కోయరాదన్న వైద్యుడు సత్యమే చెప్పెను; ఆతనిని మేము దప్పుపట్టము. ఈ కొండజాతులలో కొడవలికణముల రక్తవ్యాధి గలదు. దీని నిర్మూలనమునకే 2023 జూలైలో కేంద్రప్రభుత్వ మొక యుద్యమము నారంభించెను. అట్టి రోగిని పరీక్షింపక మత్తులో బెట్టినచో, చలిచేతను, దప్పిచేతను, ప్రాణవాయువు తగ్గుటచేతను కణములు వంగి రక్తనాళములకడ్డుపడి ప్రమాదము గలుగును. కావున ముందు పరీక్ష, పిదప రక్తము, పిదప శస్త్రము. కాని నెత్తురు తక్కువయని తెలిసినవాడు మందుచీటి వ్రాసి నెల దినములకు రమ్మనుటకు మారుగా, ఆమెను నాలుగు దినము లచ్చటనే యుంచి, తోడు వచ్చిన తమ్మునికి రెండు పూటలు కూడు పెట్టి, నెత్తురెక్కించి కోసి పంపియున్నచో, రెండు పయనములును, ఒక యేడును మిగిలియుండెడివి. ఇందుకు కొత్త శాస్త్ర మక్కరలేదు. స్కానింగు ఏ దినమున జరుగునో ఆ దినమును సంతలో చాటింపు వేయించి, చాటిన దినమున తప్పక చేయుట. వెనుకటి కాగితములను రోగి చేత గాక ఆసుపత్రిలో దాచుట. కోసిన ముక్క ఫలితమును రోగి వచ్చి యడుగువరకు బీరువాలో నుంచక, ఆశాకార్యకర్తచేత ఇంటికి బంపుట. ఈ కడపటిది అల్పముగా దోచవచ్చును. గడ్డను గోయుట సగము పని. అది రాచపుండా కాదా యని చెప్పుట తక్కిన సగము. మొదటి సగము జరిగినందుకు ఛాయాచిత్రములు తీయుదురు. రెండవ సగము కాగితముమీద నిద్రించును.

మరుసటి సంవత్సరము మే మరకు సంతకు మరల బోయితిమి. ఆ స్త్రీ తన చోటనే యుండెను. కడుపు లేదు. మమ్ము గుర్తుపట్టి, నవ్వి, చీర కొంచెము తొలగించి, బొడ్డు క్రిందినుండి నిలువుగా దిగిన కోతమచ్చను చూపెను. వానకాలమున నొకరాత్రి నొప్పి తాళలేక పడిపోగా, నలుగురు డోలీలో దింపిరట. ఎవరో పుణ్యాత్ముడు ఆనాడే కోసెనట. గడ్డ యెట్టిదని చెప్పిరా యని దుబాసి కుర్రవానిచేత అడిగించితిమి. ఆమె చీపుళ్ల క్రిందినుండి ప్లాస్టికు సంచి తీసి, అందులోనుండి మడతపెట్టిన కాగితము మా చేతికిచ్చెను. ఈ మారు వానకు దడియకుండ దాచితిననెను. దానిమీద, పరీక్షాఫలితమునకై పదిదినముల తరువాత రావలెనని వ్రాసియుండెను. తేదీ చూచితిమి. ఎనిమిది నెలలు గడచెను. ఆమెకు చదువు రాదు. ఎవ్వరును చదివి చెప్పలేదు. ఆ కాగితమును జేబులో బెట్టుకొని, ఆ సాయంకాలమే విశాఖకు బోవు బండి యెక్కితిమి.